క్యూలో పెట్టిన రాయి

మా వీధి రేషన్ కొట్టు ముందు ఇప్పుడు నేను స్వయంగా నిలబడాల్సి వస్తోంది. ఇదేదో ఘోరమని నేననను. నిలబడటానికి కాళ్ళున్నాయి, బి.కాం. పట్టా కూడా ఉంది. కాకపోతే మా వీధిలో ఎవరూ నిలబడరు, రాయి పెట్టి పోతారు. కొట్టు తెరవకముందే ఇటుక ముక్క, నీళ్ళు నింపిన సీసా, తెగిన చెప్పు, ఒక ఇంటివాళ్ళయితే అద్దం ఊడిన హెల్మెట్టు, ఇలా వరుసగా పెట్టి ఇంటికెళ్ళి కాఫీ తాగి వస్తారు. వరుస కదిలితే వెనకున్న రాళ్ళను ఎవరో ఒకరు కాలితో ముందుకు నెడతారు. దీనికి చట్టం లేదు గానీ, తమిళనాడులోని మా రాజపాళయంలో ఇంత నిక్కచ్చిగా అమలయ్యేది ఇంకేదీ నేను చూడలేదు. నేను పెట్టే కొత్త ఇటుకను మాత్రం ఎవరూ లెక్కచేయరు. ఒకసారి దాన్ని ఎవరో స్కూటర్ చక్రానికి అడ్డం పెట్టుకున్నారు.

మా పాత రాయికి ఇలాంటి అవమానాలు ఉండేవి కావు. అది విరిగిన అమ్మికల్లు ముక్క. మా అవ్వ కొబ్బరీ మిరపకాయలూ నూరి నూరి మధ్యలో పల్లం పడిన రాయి. ఆ పల్లంలో వేలు పెడితే ఇప్పటికీ కారం తగులుతుందని నాన్న అనేవాడు. జిన్నింగ్ మిల్లుకు పోయేముందు దాన్ని చంకలో పసిబిడ్డలా పెట్టుకుని వెళ్ళి వరుసలో దించేవాడు. వీధిలో అందరికీ ఆ రాయి తెలుసు. ఆలస్యమైందని నేను సంచి పట్టుకుని పరుగెత్తితే పక్కింటి అత్త అరుగు మీద నుంచే అనేది, "ఏల పరుగెత్తేది? మీ నాయన ముందరదా ఉండాడు."

నాన్న పోయాక కూడా రాయి పెడుతూనే వచ్చాం. అత్త కూడా అలవాటు కొద్దీ అదే మాట అంటూనే వచ్చింది. ఎవరూ ఆవిడను సరిదిద్దలేదు. ఆయన పోయాక మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను నిజంగానే ముందుకు చూశాను. ఆ తరవాత చూడటం మానేశానని గట్టిగా చెప్పలేను.

నాన్న కరోనా రెండో విడతలో పోయాడు. దగ్గుతో మొదలైంది. బతుకంతా పత్తి దుమ్ములో గడిపినవాడి దగ్గును ఇంట్లోవాళ్ళు గడియారం చప్పుడులా వింటారు. అది మారిందని మాకెవరికీ తెలియలేదు. ఆసుపత్రి నుంచి ఆయన మా కల్లరైతోటకు, అంటే మా చర్చి శ్మశానానికి, చేరేసరికి మేము గేటు బయట ఉన్నాం. లోపలికి రానివ్వలేదు. అదే బండిలో ఇంకో ఇద్దరు వచ్చారు. మూడు మూటలూ ఒకే తెలుపు. లోపల చుట్టిన గుడ్డ మా పక్కూరు సత్రపట్టిదే అయి ఉండొచ్చు. నేను పనిచేసేది అక్కడే, బ్యాండేజీ గుడ్డ బయటికి పోయేముందు నాణ్యం చూసే ఉద్యోగం. ఆ గుడ్డను సరే అని పంపింది నేనే అయి ఉండొచ్చు. ఇలాంటివి ఆలోచించవద్దని మా సూపర్‌వైజర్ చెప్పాడు, పని వేగం తగ్గుతుందట.

గోడ వారగా మూడు గుంతలు తవ్వి ఉన్నాయి. దించినవాళ్ళు నిలువునా తొడుగుల్లో ఉన్నారు. ఏ గుంతలో ఎవరో తరవాత వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి అడిగాం. ఒకతను నిజాయితీగా చెప్పాడు, చెమటకు కళ్ళద్దాలు మసకబారి తన కాళ్ళే తనకు కనబడలేదని.

మూడు దిబ్బలు, మూడు కుటుంబాలు. మధ్యదే నాన్నదని అమ్మ తేల్చేసింది. ఆవిడ ఆధారాలు రెండు. గేటులోంచి చూసినప్పుడు రెండో మూట పొడుగ్గా ఉంది, నాన్నా పొడుగే. పైగా టౌన్ బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దొరికితే ఆయన ఎప్పుడూ మధ్యలోనే కూర్చునేవాడు. కోర్టులో నిలబడే సాక్ష్యం కాదని నాకు తెలుసు, కానీ కోర్టులు అమ్మను చూడలేదు. ఇక రెండో కుటుంబం తళవాయిపురంలో ఉండే ఒక అక్క. ఆవిడకు కొడుకు పోయాడు. స్పిన్నింగ్ మిల్లులో పని, పెళ్ళి కుదిరి ఉండింది. ఆవిడ కూడా మధ్యదే తన కొడుకుదంటుంది. ఎందుకో చెప్పదు. మూడో కుటుంబం తిరుప్పూరుకు వెళ్ళిపోయింది.

ఏటా నవంబరులో మాకు కల్లరై పండుగ వస్తుంది. సమాధుల మీద పెరిగిన గడ్డి పీకి, రాళ్ళూ రప్పలూ ఏరేసి, తుడిచి, సున్నంలో నీలిమందు కలిపి పూసి, పూలు చల్లి, మైనపువత్తులు వెలిగిస్తాం. ఆ రోజు మధ్య దిబ్బకు రెండిళ్ళవాళ్ళూ చెరోసారి చీపురు వేస్తారు. పక్క రెండింటికీ వేస్తే ఒప్పుకున్నట్టవుతుందని ఎవరూ వేయరు. అవి ఏమనుకుంటున్నాయో.

ఇందులో తొందర కూడా ఉంది. తోటలో చోటు తక్కువ. సిమెంటు సమాధి కట్టని వరుసను కొన్నేళ్ళకు మళ్ళీ తవ్వుతారు. కట్టుకోండి, కానీ ఎవరిది ఏదో మీ రెండిళ్ళవాళ్ళూ ఒక మాట మీదికి వచ్చి కట్టుకోండి అని చర్చి కమిటీ చెప్పింది. మధ్య దిబ్బ మీద నాన్న పేరుతో ఒక సిలువ నిలబడాలి. అమ్మ లోకంలో కోరింది ఆ ఒక్కటే, అది కూడా వానాకాలాలు దాన్ని నేలమట్టం చేసేలోపు.

ఇలా ఉండగా మా చర్చి యువజన సంఘం పుణ్యభూమికి బయలుదేరింది. యువజనులు అన్నది కొంచెం ఉదారంగా అర్థం చేసుకోవాలి. మా సంఘం నాయకుణ్ణి అందరం అన్న అంటాం, ఆ అన్న కొడుకు అప్పటికే ప్లస్ టూ చదువుతున్నాడు. సంఘంగా మాకు బాగా వచ్చిన పని ఒక్కటే, కల్లరైతోట శుభ్రం చేయడం. పాటల పోటీలో మేము ఎప్పుడూ గెలవలేదు, చీపురు పోటీ ఎవరూ పెట్టలేదు. ఊళ్ళో నన్ను సాగనంపుతూ అందరూ అడిగినవి నూనె, సిలువలు, యొర్దాను నీళ్ళు. అమ్మ అడిగింది మాత్రం గుప్పెడు మట్టి. నాన్న మీద చల్లడానికి. ఎక్కడ చల్లాలన్న ప్రశ్న నేను ఎత్తలేదు. విమానం ఎక్కేముందు కొన్ని మాటలు అనవసరం.

గలిలయ సముద్రం చూసిన మరునాడు మమ్మల్ని సఫేద్ అనే కొండ ఊరికి తీసుకెళ్ళారు. యూదులకు అది చాలా పాత పుణ్యక్షేత్రం. కొండ మీద కట్టిన పట్టణం దాగి ఉండలేదని మా బైబిలులో ఉంది కదా, ఆ పట్టణం ఇదేనని కొందరంటారని గైడు బస్సులో చెప్పాడు. మేము వెళ్ళిన ఉదయం మంచు కమ్మి ఆ పట్టణం పూర్తిగా దాగి ఉంది. బస్సు దిగాక కూడా ఎదుట ఉన్నవాళ్ళ వీపు తప్ప ఏమీ కనబడలేదు. ఆ మంచులోంచి ఒక్కొక్కటే నీలిరంగు తలుపు బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి పోయేది. గైడు టీ కొట్టు వైపు చూపించి, కాసేపు తిరిగి రమ్మని వదిలేశాడు.

మేము మెట్లు దిగి దిగి శ్మశానంలోకి వెళ్ళాం. ఎవరూ దారి చెప్పలేదు. మా సంఘం కాళ్ళు అటే పోతాయనుకుంటాను. కొండ వాలు అంతా సమాధులు, పలకల్లా పరిచి. వాటిలో కొన్నింటికి అదే నీలం. మా ఊళ్ళో సున్నంలో నీలిమందు ఎక్కువ పడితే వచ్చే రంగు అది. ఒక్క క్షణం నాకు మా తోటలోనే నిలబడ్డట్టు అనిపించింది. అక్కడ దగ్గు వినిపిస్తే నేను తిరిగి చూసేదాన్నే. దగ్గు వినిపించింది. తిరిగి చూశాను. నాయకుడన్న, చలికి.

ఒక పాత సమాధి మీద రంగు పెచ్చులూడి ఉంది. పైనంతా గులకరాళ్ళు, పెంకులు, కంకర ముక్కలు. ఎంత కాలంగా ఎవరూ తుడవలేదో అని నాయకుడన్న చొక్కా చేతులు పైకి మడిచాడు. "పావం, ఎవరూ రాలేదు వీళ్ళకి" అన్నాడు. అంతే, కల్లరై పండుగ నాడు ఎలా పంచుకుంటామో అలాగే పని పంచుకున్నాం. మగపిల్లలు రాళ్ళు ఏరి కింద ఒక మూల కుప్ప పోశారు. నా సంచిలో మా కంపెనీ బ్యాండేజీ చుట్ట ఒకటుంది, ప్రయాణంలో ఎవరికైనా దెబ్బ తగిలితే పనికొస్తుందని. దాన్ని నీళ్ళలో తడిపి పలక తుడిచాం. నాణ్యమైన గుడ్డ, పోగు ఊడలేదు. ఎవరో మెల్లగా తమిళంలో పాట అందుకున్నారు. దేవుడితో మేము తమిళంలోనే మాట్లాడతాం, తెలుగు ఇంట్లో పోట్లాటలకు ఉంచుకుంటాం.

పాట సగంలో ఉండగా మంచులోంచి కర్ర చప్పుడు వచ్చింది, దాని వెనక ఒక ముసలావిడ. తలకు రుమాలు, పెద్ద కోటు, మొహం మాత్రం మా పడమటి కొండల అవతలిది. ఆవిడ రాళ్ళ కుప్పను చూసింది, తుడిచిన పలకను చూసింది, మమ్మల్ని చూసింది. తరవాత మాట్లాడింది మలయాళంలో. చిన్నపిల్లగా కొచ్చి వైపు నుంచి వచ్చేసిన యూదురాలట. తుప్పు పట్టిన మలయాళం, అయినా మా తమిళం దాన్ని చేయి పట్టుకుని నడిపించింది. ఆవిడ మొదట అడిగింది ఇది: ఇక్కడికి వచ్చినవాళ్ళందరినీ ఎందుకు వెళ్ళగొట్టారు?

మాకు అర్థం కాలేదు. ఆవిడ కుప్పలోంచి ఒక గులకరాయి తీసి చూపించింది. సమాధి దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ ఒక రాయి పెట్టి పోతారట. పువ్వులు కాదు, దీపం కాదు, రాయి. వచ్చానని గుర్తు. ఎవరూ రాలేదని మేము జాలిపడిన సమాధికి ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా ఎక్కువ మంది వచ్చి ఉన్నారు. వాళ్ళందరినీ మేము శుభ్రంగా ఊడ్చేశాం, పాట పాడుతూ.

అన్న మొహం చూడలేకపోయాను. ఇలాంటప్పుడు ఏదో ఒకటి వాగడం నా జబ్బు. మా ఊళ్ళోనూ రాయి పెడతామని, కాకపోతే రేషన్ కొట్టు ముందు పెడతామని, మనిషికి బదులు వరుసలో రాయి ఉంటుందని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి శ్రద్ధగా విన్నది.

"మన వంతు వచ్చినప్పుడు?" అని అడిగింది.

"అప్పుడు మనిషే రావాలి."

"ఇక్కడా అంతే, మోళే" అంది.

కూతురా అని వాళ్ళ భాషలో. నన్ను ఆ పిలుపు కన్నా ఆ జవాబే పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

రాళ్ళు తిరిగి పెట్టాం. మా అన్న పశ్చాత్తాపంతో వాటిని చిన్నవీ పెద్దవీ వేరు చేసి, మిల్లులో కండెలు పేర్చినట్టు బారులు తీర్చాడు. ఆవిడ వచ్చి అరచేత్తో వాటిని చెదరగొట్టింది. మనుషులు అలా రారు అంది. తరవాత కోటు జేబులోంచి తన రాయి తీసి ఒక మూల పెట్టింది. లోపల ఉన్నది మీకేమవుతారని అడిగాను. ఏమీ కారట, ఎవరో కూడా సరిగా తెలియదట. వాళ్ళమ్మను అక్కడే కొచ్చి వైపు పూడ్చారు. తరవాత ఆ చోట గోడలు లేచాయి, ఇళ్ళొచ్చాయి, ఎక్కడో చెప్పేవాళ్ళు పోయారు. అందుకని వీలున్నప్పుడల్లా వచ్చి ఇక్కడ ఎవరో ఒకరికి పెట్టి పోతుంది. అది అమ్మకు చేరుతుందా అని అడగబోయి మానుకున్నాను. అలాంటి ప్రశ్నతో మంచులో నిలబడిన ముసలావిడను ఇబ్బంది పెట్టడమెందుకు.

బదులుగా మా మూడు దిబ్బల సంగతి చెప్పాను. బస్సు సీటుతో సహా. ఆవిడ ఆలోచించలేదు కూడా. మూడింటికీ రాయి పెట్టమంది. వాటిలో ఏదీ తిప్పి పంపదు కదా అంది. మళ్ళీ కర్ర చప్పుడు మెట్లెక్కింది. కాసేపటికి చప్పుడు కూడా మంచులో కలిసింది. శ్మశానంలోంచి ఏమీ తీసుకుపోకూడదు అని వెళ్ళేముందు చెప్పింది, అందుకని నేను పైన బస్సు ఆగిన రోడ్డు పక్కన గుప్పెడు మట్టి, మూడు గులకరాళ్ళు ఏరుకున్నాను.

ఇంటికొచ్చాక అమ్మకు అన్నీ చెప్పాను. నీలం రంగుకు తల ఊపింది, మేము ఊడ్చేసిన దగ్గర నోరు నొక్కుకుంది, రేషన్ మాట దగ్గర నన్ను తిట్టింది. మట్టిని మూడు కాగితాల్లో మూడు పొట్లాలు కట్టి చూపించాను. అమ్మ పొట్లాల వైపు, తరవాత నా వైపు చూసింది.

"మూడు దిబ్బల్లో నాకు ముగ్గురు మొగుళ్ళా ఉండేది?"

పొట్లాలు బైబిలు పక్కన అలాగే ఉండిపోయాయి. కల్లరై పండుగ దగ్గర పడేలోపు ఆ దేశంలో యుద్ధం మొదలైంది. ఉత్తరాన ఊళ్ళు ఖాళీ చేసి పోతున్నారని టీవీలో చూపించారు. మబ్బుల్లో ఒక కొండ కనబడింది, అదో కాదో చెప్పలేను. ఆ శ్మశానానికి ఇప్పుడు రాళ్ళు తప్ప ఎవరు వస్తారా అనిపించింది. అమ్మ టీవీ ఆపి, ఆ ముసలామెకి ఎవరన్నా ఉండారా అని అడిగింది. తెలియదన్నాను.

పండుగ రోజు అమ్మ నాకన్నా ముందే షేర్ ఆటోలో వెళ్ళింది. సంచి బరువుగా ఉందని ఆటో ఎక్కిందని అత్త చెప్పింది. పూలూ చీపురూ అంత బరువేమిటో నాకు తట్టలేదు. తోటంతా మనుషులు, సున్నం వాసన, గడ్డి కుప్పలు. వానకు మూడు దిబ్బలూ దాదాపు నేలకు సమానమయ్యాయి. ఎక్కడ ఒకటి అయిపోయి ఎక్కడ ఇంకోటి మొదలవుతుందో కనిపెట్టడం కష్టంగా ఉంది. మధ్యది మాత్రం ఆనవాలు పట్టాను. దాని తల దగ్గర మా అమ్మికల్లు ముక్క ఉంది. పల్లంలో మైనపువత్తి వెలుగుతోంది.

నేను చేతిలో పొట్లాలతో, గులకరాళ్ళతో నిలబడ్డాను. ఆ ముసలావిడ మూడింటికీ పెట్టమందని ఇంకోసారి గుర్తుచేశాను. అమ్మ కనకాంబరాలు మాల కడుతూ తల ఎత్తలేదు.

"ఆ చిన్న రాళ్ళు పెట్టితే ఆయనకి ఎట్ల తెలిసేది? ఇది ఆయన రాయి. చూసినా తెలుస్తాది, తడిమినా తెలుస్తాది. ఎన్ని దినాలని మనమే వచ్చి వెతికేది పాపా, ఆయన వెతుక్కోని రానీ."

వత్తి మంట వంగి లేచింది. వెనక ఎవరో దగ్గారు. ఈసారి నేను తిరగలేదు.

తళవాయిపురం అక్క. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో సున్నం బకెట్టు, చంకలో చీపురు. ప్రతి ఏడూ లాగే మధ్య దిబ్బ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. వాళ్ళ ఊళ్ళోనూ రేషన్ కొట్టు ఉంది, వాళ్ళూ రాళ్ళు పెట్టేవాళ్ళే. ఆవిడకు ఎవరూ ఏమీ వివరించాల్సిన పని లేదు. బకెట్టు కింద పెట్టింది. వంగి, మంట తగలకుండా పల్లం అంచు మీద వేలు పెట్టి చూసింది, నాన్న ఎలా చూసేవాడో అలాగే. కారం తగిలిందేమో తెలియదు. అమ్మ మాల కట్టడం ఆపింది, దారం కొస పళ్ళ మధ్య అలాగే ఉంది.

ఆ అక్క అమ్మ కళ్ళలోకి సూటిగా చూసింది.

"రాయి పెట్టితే చోటు నీదైపోతాదా అక్కా?"